కోపులూ కోపమూ

"ఎవరు బావా ఈయప్ప? పాడతాండాడా, ఎవురినన్నా తిడతాండాడా?"

బెంగళూరు విమానాశ్రయం నుంచి అనంతపురం పోతూ కారులో పాట పెడితే మా మేనత్త కొడుకు అడిగిన మాట ఇది. బాగేపల్లి దాటాం. ఇంకా బాగా తెల్లవారలేదు. పాడుతున్నది ఉత్తర ఐర్లాండ్ గాయకుడు వాన్ మోరిసన్. "రెండూ చేస్తాడులే" అన్నాను. వాడు నవ్వి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కారు నడిపాడు. మా వాడి తాళం ఎప్పుడూ తప్పదు. ఎందుకు తప్పదో ముందుముందు చెప్తాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ పాట కాదు, మొన్న మన తెలుగు సంఘం జరిపిన ఉగాది. డబ్లిన్ సభకు వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దేశం నుంచి పిలిపించిన గాయకుడు, తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని పాడే మనిషి, నాలుగో పాట మధ్యలో ఆపేశాడు. వెనక బిర్యానీ కౌంటరు దగ్గర మాటలు ఎక్కువయ్యాయి. "మీరు తినేసి రండి, నేనిక్కడే ఉంటాను" అని స్టేజీ మీదే కూర్చున్నాడు. అంతకుముందు ఎవరో సినిమా పాట పాడమని చీటీ పంపితే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అయిపోయాక సెల్ఫీలకు నిలబడలేదు. ఇక ఆ రాత్రి నుంచి వారం రోజులు వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. పొగరు, తలబిరుసు, హెడ్‌వెయిట్. డబ్బులిచ్చి పిలిస్తే మనల్నే కసురుకుంటాడా? వచ్చే ఏడాది నుంచి కలుపుగోలుగా ఉండే కళాకారులనే పిలవాలని కార్యవర్గంలో ఒక ప్రతిపాదన కూడా వచ్చింది. ఆ కార్యవర్గంలో నేనూ ఉన్నాను. ఆ రోజు నేను చెయ్యెత్తలేదు. ఎందుకని చాలామంది అడిగారు.

కొంచెం చుట్టు తిరిగి చెప్తాను. అనంతపురం వాణ్ణి, నీళ్ళ దగ్గరికి పోవాలంటే నడక అలవాటే.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 1992లో నేను ఎనిమిదో తరగతి. మా చిన్నాయనకు బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. నెలకోసారి ఊరికొచ్చేటప్పుడు జేజికి (నాయనమ్మకు) మైసూర్‌పాక్, మాకు బిస్కెట్లు, తనకు కేసెట్లు తెచ్చుకునేవాడు. బ్రిగేడ్ రోడ్డులో దొరకని ఇంగ్లిషు పాట లేదని ఆయన గొప్ప. అలా మా ఇంటికొచ్చింది వాన్ మోరిసన్ కేసెట్టు, 1990లో వచ్చిన మేటి పాటల సంకలనం. అట్ట ఎక్కడో పోతే చిన్నాయన దాని మీద బాల్‌పెన్నుతో తెలుగులో 'వాన్' అని రాశాడు. చాలా రోజులు నేను అది 'వాన' అనుకున్నాను. నకారప్పొల్లు పొరపాటున పడిందని నా లెక్క. అలా అనుకోవడానికి సాక్ష్యం కూడా ఉంది. అందులో ఒక పాట నిజంగా వాన గురించే.

ఆ పాట 'అండ్ ఇట్ స్టోన్డ్ మి'. 1970లో వచ్చిన 'మూన్‌డాన్స్' ఆల్బంలో మొదటి పాట. ఇద్దరు పిల్లలు చేపలు పట్టడానికి పోతారు. వాన పడుతుంది, తడిసి ముద్దవుతారు. దారిలో ఒక ముసలాయన కొండవాగు నీళ్ళు తాగడానికి ఇస్తాడు. అంతే కథ. స్టోన్ అంటే రాయి అని మాకు బళ్ళో చెప్పారు. నీళ్ళు తాగితే రాయి దెబ్బ ఎందుకు తగిలింది చిన్నాయనా అని అడిగాను. "రాయి కాదురా, మైకం. నీళ్ళు తాగితేనే మైకం వచ్చిందంట ఆయప్పకు" అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుకుంటూ చెప్పాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. బుడ్డలు (వేరుశనగ) పూతకొచ్చినప్పుడు మొహం చాటేసి, కళ్ళంలో ఆరబోసినప్పుడు దిగుతుంది. బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడి నిలబడి, మా అమ్మ దోసిట్లో పోసిన మొదటి గుక్క తాగితే తల తిరిగినట్టుండడం నాకు తెలుసు. ఆ పాటలో ఉన్నది నాకు సగం ఇంగ్లిషు కూడా రాకముందే అర్థమైంది.

ఇప్పుడు నేను ఉండేది అదే వాన్ మోరిసన్ పుట్టిన ఊళ్ళో. బెల్‌ఫాస్ట్‌కు వచ్చి పదమూడేళ్ళు. ఆకాశం ఇక్కడ వారంలో నాలుగు రోజులు కారుతూనే ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఈ పాట ప్రస్తావన తెస్తే, "మాకు వాన గురించి పాట ఎందుకు, కిటికీ తెరిస్తే చాలు" అన్నాడు. తూర్పు బెల్‌ఫాస్ట్‌లో హైండ్‌ఫర్డ్ స్ట్రీట్ అని ఇరుకు వీధి ఒకటి ఉంది. ఎర్ర ఇటుక ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని, మన ఎన్‌జీఓ క్వార్టర్ల లాగ. 125వ నంబరు ఇంట్లో ఆయన 1945 ఆగస్టు 31న పుట్టాడు. గోడ మీద చిన్న ఇత్తడి ఫలకం తప్ప ఇంకేమీ లేదు. తండ్రి ఓడలు కట్టే యార్డులో ఎలక్ట్రీషియన్. ఆయనకు అమెరికన్ రికార్డుల పిచ్చి. బ్లూస్, జాజ్, గాస్పెల్ రికార్డులు ఆ ఇంట్లో ఉన్నన్ని ఆ చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేవంటారు. ఆ ఇంటి ముందు నిలబడితే నాకు చిన్నాయన కేసెట్ల పెట్టె గుర్తొచ్చింది. పక్కింటివాళ్ళకు అర్థం కాని పాటలు ఇంటికి మోసుకొచ్చే పెద్దమనిషి ఒకడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు కాబోలు.

ఇంకొకటి కూడా కలిసింది. బెల్‌ఫాస్ట్ అంటే లోకానికి కాథలిక్కు, ప్రొటెస్టెంటు గొడవల బాంబులు. అనంతపురం అంటే మన తెలుగువాళ్ళకే సుమోలు, వేట కొడవళ్ళు. ఆంధ్రా సైడు పెళ్ళిళ్ళకు పోతే "మీ వైపు మనుషులతో జాగ్రత్త బాబూ" అని ఇప్పటికీ హాస్యమాడతారు. మన సినిమా వాళ్ళ పుణ్యం. వాన్ మోరిసన్ పాటల్లో మాత్రం బెల్‌ఫాస్ట్ అంటే బేకరీ, చెట్ల నీడ, రేడియో, పొగమంచులో ఓడ కూత. 1982లో 'క్లీనింగ్ విండోస్' అని ఒక పాట తెచ్చాడు. కుర్రతనంలో ఆయన చేసిన పనే, ఇంటింటికీ పోయి కిటికీ అద్దాలు తుడవడం. మధ్యలో బన్ను తినడం, ఇంటికొచ్చి రికార్డులు వినడం. గొడవల్లో నలిగిన ఊరికి తన మొహం తానే గుర్తు పట్టేలాంటి పాట అది. 1995 నవంబరు 30న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ బెల్‌ఫాస్ట్ వచ్చినప్పుడు సిటీ హాలు ముందు జనం మధ్య ఈయనే పాడాడు. ఆ ఏడాది వచ్చిన 'డేస్ లైక్ దిస్' ఇక్కడివాళ్ళకు శాంతి రోజుల పాటగా మిగిలిపోయింది. మా వైపు మీద అలాంటి పాట ఎవరు కడతారా అని నేను చాలాసార్లు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, కట్టినాయన ఉండేవాడని.

మా ఊరి కోలాటం గురువు.

పేరు చెప్పను. ఆయన పిల్లలు ఇంకా ఉన్నారు. పగలు సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడు. పొద్దుగూకాక రాములవారి గుడి ముందర మాకు కోలాటం నేర్పేవాడు. పాటలన్నీ ఆయన సొంతం. రాముడి మీద, కృష్ణుడి మీద పాత పాటలు వచ్చు గానీ వాటిని ఎక్కువ పాడించేవాడు కాదు. రేషన్ షాపు ముందు కిరసనాయిలు వరస మీద ఒక పాట. బెంగళూరు బస్సెక్కి కూలికి పోయిన వాళ్ళ మీద ఒక పాట. అన్నిటికన్నా గొప్పది చెరువు పాట. అల్లుడు ఇంటికొస్తే కాళ్ళు కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళివ్వలేక చెరువమ్మ మొహం కొంగుతో కప్పుకుంటుంది. ఆ చరణానికి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ తర్వాతి చరణానికి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మా జేజి అయితే నవ్వే చోటే ఏడ్చేది.

కోలాటంలో అడుగుల వరసను కోపు అంటారు. ఏక కోపు, జంట కోపు, ఇంకా ఎన్నో. గురువు దగ్గర కోపులెన్నో కోపాలూ అన్ని అని ఊళ్ళో అనేవాళ్ళు. ఎవరైనా మాట్లాడితే పాట ఆపేవాడు. ఏం తప్పు చేశామో చెప్పేవాడు కాదు, మళ్ళీ మొదటి నుంచి అందుకునేవాడు. ఒక శ్రీరామనవమి రాత్రి మేం ఇరవై మందిమి చుట్టూ తిరుగుతున్నాం. ఊరి పెద్దాయన కొడుకు అప్పుడే జీపులో వచ్చి, మైకు దగ్గరికి పోయి, అప్పట్లో ఊపుమీద ఉన్న సినిమా పాటకు కోలాటం ఆడించమన్నాడు. గురువు పాట ఆపాడు. చిడతలు సంచిలో వేసుకున్నాడు. నడుచుకుంటూ ఇంటికి పోయాడు. మా కర్రలు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. "ఆ పొగరు వానికి కూడు పెడతాదా?" అని మా అబ్బ (తాత) అరుగు మీద కూర్చుని గొణిగాడు. పదకొండు రోజులు గురువు గుడి వైపు రాలేదు. పన్నెండో రోజు వచ్చి, ఏమీ జరగనట్టు, ఆగిపోయిన చోటి నుంచే పాట అందుకున్నాడు.

మొన్న డబ్లిన్‌లో ఆ గాయకుడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నప్పుడు నాకు ఆ కర్రలు గాల్లో నిలిచిపోయిన రాత్రి గుర్తొచ్చింది. అందుకే కోపం రాలేదు. పైగా మనం చేసింది జీపులో వచ్చిన పిల్లవాడు చేసిన పనే కదా అనిపించింది.

వాన్ మోరిసన్ కోపిష్టితనం గురించి కథలకు కొదవ లేదు. ప్రేక్షకులకు వీపు తిప్పి పాడాడని, మధ్యలో దిగిపోయాడని, ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళకు ఒకటి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపాడని. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు చోటిస్తే ఆ సభకే పోలేదు. బతికుండీ సొంత సన్మానానికి రానివాడు అక్కడ అంతవరకు లేడు. మన సభల్లో శాలువా కప్పేటప్పుడు ఫోటోగ్రాఫరు వైపు తిరిగి అయిదు నిమిషాలు నిలబడేవాళ్ళను చూసిన కళ్ళకు ఇది వింతగానే ఉంటుంది.

ఆ కోపానికి వేరు ఎక్కడుందో తెలిస్తే అంత వింత కాదు. 1967లో ఇరవై ఒక్కేళ్ళ వయసులో ఆయన 'బ్రౌన్ ఐడ్ గర్ల్' పాడాడు. ఇప్పటికీ అమెరికాలో ఏ పెళ్ళి పార్టీలో అయినా మోగే పాట. దాని రాయల్టీ తనకు అందలేదని జీవితమంతా చెబుతూనే ఉన్నాడు. ఆ ఏడాది చివర్లో రికార్డు కంపెనీ యజమాని చనిపోయాడు. కాంట్రాక్టు మాత్రం చావలేదు. ఇంకా ఇన్ని పాటలు ఇవ్వాలని పీకల మీద కూర్చుంది. ఏం చేశాడో తెలుసా? శ్రుతి సరిగా లేని గిటారు పట్టుకుని ఒకే విడతలో ముప్పైకి పైగా పిచ్చి పాటలు పాడి పడేశాడు. తామర వ్యాధి మీద ఒకటి, తీపి బన్ను కావాలని ఒకటి, రాని రాయల్టీ చెక్కు మీద ఒకటి. లెక్కకు పాటలే, ఎవరూ అమ్ముకోలేని పాటలు. తెలుగులో ఇలాంటి పని చేసినాయన ఎవరైనా ఉన్నాడేమోనని వెతికాను. బాకీ కింద తాలు గింజలు కొలిచిన రైతులున్నారు గానీ పాటగాళ్ళు దొరకలేదు.

అదే మనిషి ఆ మరుసటి ఏడాది, 1968లో, న్యూయార్క్‌లో మూడు విడతల్లో 'ఆస్ట్రల్ వీక్స్' రికార్డు చేశాడు. వయసు ఇరవై మూడు. వాయించినవాళ్ళు ఆరితేరిన జాజ్ విద్వాంసులు, ఆయన కంటే వయసులో పెద్దవాళ్ళు. ఏం వాయించాలో ఒక్క మాట చెప్పలేదు. నేరుగా పాడే గదిలోకి పోయి తలుపేసుకుని పాడాడు. వాళ్ళు ఆ గొంతును వింటూ వెంట నడిచారు. రిచర్డ్ డేవిస్ అనే ఆయన వాయించిన బాస్ వినండి. పాటకు కింద నేల లాగ ఉండాల్సిన వాయిద్యం పక్కన నడిచే తోడులాగ ఉంటుంది. ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది, తడబడితే చెయ్యి అందిస్తుంది. ఈ ఆల్బంకు పల్లవి, చరణం అనే కొలత పెద్దగా లేదు. మన సంగీతం విన్న చెవులకు ఇది కొత్త కాదు. ఒక మాటను పట్టుకుని తిప్పి తిప్పి, ఇటు చూపించి అటు చూపించి, చివరికి ఆ మాట అర్థం కరిగిపోయి నాదం మాత్రమే మిగిలేదాకా పాడతాడు. కచేరీలో నెరవల్, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడడం, వినేవాళ్ళు 'మేడమ్ జార్జ్' చివరి మూడు నిమిషాలు వింటే నేనేం చెబుతున్నానో తెలుస్తుంది. 'సైప్రస్ అవెన్యూ'లో నాలుక మడత పడిందని చెప్పే చోట గొంతునే నత్తిగా చేసేస్తాడు. ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పనే ఉండదు.

సైప్రస్ అవెన్యూ మా ఇంటి నుంచి నడిచి పోగలిగినంత దూరం. రెండు వైపులా పెద్ద చెట్లు, డబ్బున్నవాళ్ళ ఇళ్ళు. హైండ్‌ఫర్డ్ స్ట్రీట్ పిల్లవాడు అక్కడ నడిస్తే ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. అనంతపురం టౌనులో కాలేజీకి వచ్చిన కొత్తల్లో సాయినగర్ ఇళ్ళ ముందు నేనూ అలాగే నడిచాను, సైకిలు దిగి, ఎవరైనా చూస్తారేమోనని. 2015లో డెబ్భయ్యో పుట్టినరోజుకు ఆయన ఆ వీధిలోనే వేదిక కట్టించుకుని పాడాడు. నేను వెళ్ళాను. అభివాదం లేదు, పుట్టినరోజు కబుర్లు లేవు. వచ్చాడు, పాడాడు, పోయాడు. సాక్సఫోన్ వాళ్ళకు, డ్రమ్ముల వాళ్ళకు చేతి సైగలతో చెబుతూ, నచ్చకపోతే మొహం చిట్లిస్తూ. నా పక్కన నిలబడ్డ ముసలావిడ మాత్రం కళ్ళు మూసుకుని ఉంది. ఆమెకు ఆయన నవ్వాడా లేదా అనేది అక్కర్లేదు.

1972లో వచ్చిన 'లిజన్ టు ది లయన్' పదకొండు నిమిషాలు ఉంటుంది. అందులో చివరికి మాటలు వదిలేసి గురగురలాడతాడు, మూలుగుతాడు, నిజంగానే సింహం లాగ. దాన్ని వింటే మా ఆవిడకు భయం, కారులో పెట్టనివ్వదు. కదిరి నరసింహస్వామి జిల్లా వాళ్ళం, సింహానికి భయపడితే ఎలా అంటాను. (కదిరి ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయిందని ఆవిడ గుర్తు చేస్తుంది. జిల్లాలు ఎన్ని ముక్కలు చేసినా మాకు అది అనంతపురమే.) ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదీ, హిరణ్యకశిపుణ్ణి చీల్చిందీ ఆ చేతులే కదా.

కారు పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి ఎండ కొండ మీద పడింది. మా బావమరిదికి ఈ ఊరి కథ ఒకటి చెప్పాను. తాళ్ళపాక అన్నమయ్యను సాళువ నరసింగరాయలు ఇక్కడికే పిలిపించుకున్నాడని అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది. వేంకటేశ్వరుడి మీద పాడినట్టే నా మీద ఒక పదం పాడమని రాజు అడిగాడు. హరిని పొగిడే నోటితో నిన్ను పొగడనన్నాడు అన్నమయ్య. సంకెళ్ళు వేశారు. రాజుగారి చీటీ వెనక్కి పోయిందన్నమాట. అన్నమయ్య 1503లో పోయాడు. అయిదు వందల ఏళ్ళు గడిచాయి కాబట్టి అది మనకు భక్తి. ఈ నెలలో, మన డబ్లిన్ హాల్లో, మనం అద్దె కట్టిన మైకు ముందు జరిగితే పొగరు. మన సంఘం పెట్టే అన్నమయ్య జయంతి కార్యక్రమానికి చందాలు వసూలు చేసేదీ, ఈ ప్రతిపాదన పెట్టిందీ ఒకరే కావడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. వారు నా మిత్రులే, ఏమనుకోరని రాస్తున్నాను.

ఇంతవరకు చదివి, ఈయన కోపిష్టులకు వకాల్తా పుచ్చుకున్నాడని అనుకోకండి. గొప్పవాళ్ళకు కోపం సహజం అనే మాట నాకు అసహ్యం. కోపం ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పాట రాదు, కోపం ఒక్కటే వచ్చు.

మా బావమరిది స్టీరింగు మీద తాళం వేస్తాడని చెప్పాను కదా. వాడి కుడి చేతి చిటికెన వేలు వంకర. తొమ్మిదేళ్ళప్పుడు జంట కోపులో అడుగు తప్పితే గురువు కోలాటం కర్రతో కొట్టాడు. ఎముక విరిగింది. కట్టు కట్టించడానికి కళ్యాణదుర్గం తీసుకుపోయేసరికి రాత్రి అయింది, సరిగా అతకలేదు. మర్నాడు గురువు మా మేనత్త ఇంటికొచ్చి గడప అవతల నిలబడ్డాడు. తప్పైందని అనలేదు. ఒక కోడిపెట్టను వాకిట్లో వదిలి పోయాడు. మా వాడు మళ్ళీ కోలాటం ముఖం చూడలేదు. మా అందరిలోకీ లయ బాగా ఉన్నవాడు వాడే. చెరువు పాట గొప్పదని నేను ఇంత చెబుతున్నాను, దాని ఖర్చు ఆ వేలు కట్టింది. పాట గొప్పతనం చూసి ఆ దెబ్బను మాఫీ చేసే హక్కు నాకు లేదు, నా వేళ్ళు బాగానే ఉన్నాయి కనుక.

వాన్ మోరిసన్ విషయంలో నాకు అలాంటి దెబ్బ 2020లో తగిలింది. కరోనా ఆంక్షలకు వ్యతిరేకంగా ఆయన వరసగా పాటలు విడుదల చేశాడు. అవి ప్రమాదకరమని ఉత్తర ఐర్లాండ్ ఆరోగ్య మంత్రి బహిరంగంగా తప్పుబట్టాడు. మరుసటి ఏడాది ఇరవై ఎనిమిది పాటలతో ఒక ఆల్బం తెచ్చాడు, సగం ఫిర్యాదులే. ఫేస్‌బుక్ మీద కూడా ఒక పాట! అప్పుడే 2021 మేలో అనంతపురంలో మా మామ, అంటే ఈ బావమరిది నాయన, ఆక్సిజన్ పడక కోసం రెండు రోజులు తిరిగి తిరిగి పోయాడు. భారత్‌ను బ్రిటన్ ప్రయాణాలు కట్టడి చేసే రెడ్ లిస్టులో పెట్టింది. నేను పోలేకపోయాను. వీడియో కాల్‌లో చూశాను. ఆ వారం ఫోనులో ఉన్న వాన్ మోరిసన్ పాటలన్నీ తీసేశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే పని కూడా కాదు. ఏడాదిన్నర వినలేదు.

మళ్ళీ ఎలా విన్నానంటే, గొప్ప కారణమేమీ లేదు. అనంతపురంలో చిన్నాయన ఇంట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయన బ్యాటరీల టేప్‌రికార్డరు తీసి పాత కేసెట్టు పెట్టాడు. ఆ వాన పాట వచ్చింది. టేపు సాగిపోయి, గొంతు బురదలో నడిచినట్టుంది. ఆపు చిన్నాయనా అన్నాను, కరోనా మీద వాన్ మోరిసన్ మాటలు ఇవీ అని చెప్పాను. చిన్నాయన విసనకర్ర ఊపుకుంటూ అంతా విన్నాడు. "ఆయన పాట వింటాండావా, ఆయనకు ఓటేస్తాండావా?" అన్నాడు. నేనేదో అనబోయాను. "ఆ లాక్‌డౌన్ పాటలు బాగుండాయా?" అని అడిగాడు. లేవన్నాను. నిజంగానే లేవు. బాణీ అలిసిపోయి, మాట ముతకగా, తన గోడు తప్ప ఇంకోటి కనపడని పాటలు. "అయితే అవి వినాకు. ఇది విను" అన్నాడు. అంతకంటే మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఆ మాట మీద చాలా ఆలోచించాను. గురువుకు ఊరి మీద కోపం వచ్చి చెరువు పాట పుట్టింది. తన మీద తనకు అదుపు లేక కర్ర లేచింది. ఒకే మనిషి, ఒకే కోపం. ఒకటి పాటలోకి పోయింది, ఒకటి చిన్నపిల్లవాడి వేలి మీద పడింది. వినేవాడిగా నా పని ఈ రెండింటినీ కలిపి సగటు తీయడం కాదు. పాటకు దండం పెడతాను, మనిషికి దండ వేయమంటే ఆలోచిస్తాను. మన సంఘం మాత్రం దీనికి సరిగ్గా తిరగేసి చేస్తోంది. దండ ముందే వేసేస్తాం, పాట దగ్గరికి వచ్చేసరికి బిర్యానీ గుర్తొస్తుంది.

ఇక మన గాయకుడి సంగతి. ఆయన ఎవరి వేలూ విరగ్గొట్టలేదు. ఎవరి ఆరోగ్యానికీ చెరుపు చేసే మాట అనలేదు. వినమన్నాడు, అంతే. టికెట్టు డబ్బులతో మనం కొన్నది రెండు గంటల పాట. ఆయన నవ్వు, మన భుజం మీద ఆయన చెయ్యి, మన పిల్లలతో ఫోటో, ఇవేవీ అందులో లేవు. ఇస్తే సంతోషం. కలుపుగోలు మనుషులే కావాలంటే మనకు మంచి యాంకర్లు ఉన్నారు, వాళ్ళను పిలుచుకుందాం, అది వేరే కార్యక్రమం. నాలుగో పాట ఆయన ఎక్కడ ఆపాడో ఎవరికైనా గుర్తుందా? వలస పోయిన కొడుకు ఫోను కోసం తల్లి చార్జింగు పెట్టుకుని కూర్చున్న చోట. ఆ తర్వాత ఏమైందో మూడు వందల మందిలో ఒక్కరూ గ్రూపులో అడగలేదు. నేను ఫోను చేసి అడిగాను. ఆయన కసురుకోలేదు, మిగతా చరణం ఫోనులోనే పాడాడు. బాగుంది. వచ్చే ఏడాది మళ్ళీ పిలవాలని, ఈసారి భోజనాలు పాట అయ్యాక పెట్టాలని నేను కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చాను. శాలువాకు బదులు ఆ డబ్బు కూడా పారితోషికంలో కలపమన్నాను. చీటీలు తీసుకోవద్దని స్టేజీ దగ్గర ఒక మనిషిని నిలబెట్టే బాధ్యత నాది.

తిరుగు ప్రయాణంలో కూడా మా బావమరిదే దింపాడు. రాత్రి రెండింటికి బయల్దేరాం. రాప్తాడు దాటాక వాడే అన్నాడు, "ఆ తిట్టే ఆయప్పను పెట్టు బావా, నిద్ర రాకుండా ఉంటాది." పెట్టాను. వాన పాట అయిపోయింది, కిటికీల పాట మొదలైంది. ఊళ్ళో ఆడపిల్లలు కోలాటం బృందం పెట్టారని, గురువు చెరువు పాట నేర్చుకుంటున్నారని జేజి చెప్పింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. పాట ఎవరిదో ఆ పిల్లలకు తెలియదు కూడా.

"నవమికి పోయి చూస్తావా?" అని అడిగాను.

"పోను" అన్నాడు. వెంటనే అన్నాడు, ఆలోచించలేదు.

పెనుకొండ దాటాం. చీకట్లో కొండ కనపడలేదు. స్టీరింగు మీద నాలుగు వేళ్ళు ఆడుతున్నాయి, అయిదోది పక్కకు నిలబడి ఉంది.

"తప్పు పాడతాంటే మాత్రం నాకు చెప్పమను" అన్నాడు కాసేపటికి. "రెండో చరణంలో ఎత్తుగడ అందరూ తప్పుతారు. వచ్చి సరిచేసి పోతా."